వరుస లేని జోడి

ఈదమ్మకు అరవై దాటాక హీరోయిన్ వేషం వచ్చింది. అంతకుముందు ఆమె చేయని పని లేదు. వేరుశనగ పీకింది, పత్తి ఏరింది, కొత్తకోట దగ్గర పెద్దరోడ్డు వెడల్పు చేస్తున్నప్పుడు తట్టలు మోసింది, బడిలో మధ్యాహ్నం వంటకు గిన్నెలు తోమింది. ఆ పనుల్లో ఎవరూ ఆమె మొహంలోకి నిలబడి చూసింది లేదు. కూలిమనిషిని చేతులు చూసి పిలుస్తారు గానీ మొహం చూసి పిలవరు కదా!

ఆమె భర్త లింగస్వామి మట్టిపనికి వలసపోయే మనిషి. పెళ్ళైన ఏడాదే మేస్త్రీ వెంట బొంబాయి దిక్కు పోయాడు. పండుగకో పబ్బానికో వచ్చేవాడు, నాలుగు దినాలుండి మళ్ళీ లారీ ఎక్కేవాడు. ఆ నాలుగు దినాలు కూడా ఒళ్ళు నొప్పులతో పడి నిద్రపోయేవాడు. ఈదమ్మ మెలకువగా ఉన్న మొగుడి కంటే నిద్రపోతున్న మొగుణ్ణే ఎక్కువగా చూసింది. ఒక ఎండాకాలం ఎక్కడో కాలువ తవ్వుతుంటే గడ్డ విరిగి మీద పడిందని కబురొచ్చింది. కబురే వచ్చింది, మనిషి రాలేదు. అక్కడే కార్యం చేశామన్నారు. అప్పటికి ఆమెకు ముప్పై నిండలేదు, కడుపున కాయ లేదు. అన్నదమ్ములు మారుమనువు మాట ఎత్తితే, "ఇంకోడొచ్చినా వాడూ లారీ ఎక్కేటోడే గద" అని ఆ మాట అక్కడే తెంపేసింది.

అట్లా ఒంటి గదిలో ఒంటి మనిషిగా ఏండ్లు గడిచిపోయాయి. తెలంగాణ వచ్చింది, పింఛను పెరిగింది, ఇంటి ముందుకు వాడంతటికీ ఒక నల్లా వచ్చింది. పలకరించే మనిషి మాత్రం పక్కింటి బీరమ్మ ఒక్కతే.

కరోనా వచ్చి పోయిన మరుసటి ఏడు శివకుమార్ ఆ ఊరికి వచ్చాడు. కొత్తకోటలో అతనికి ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు ఆగిపోయిన రోజుల్లో ఖాళీగా కూర్చోలేక యూట్యూబులో పల్లెటూరి నవ్వుల వీడియోలు మొదలుపెట్టాడు. ఆ రోజు అతనికి నల్లా దగ్గర పంచాయితీ పెట్టుకునే ముసలామె కావాలి. కెమెరా చూసి ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకుని పారిపోయారు. ఈదమ్మకు కెమెరా ఉన్నట్టే తెలియదు. తన బిందె పక్కకు జరిపారని నిజంగానే తిట్టడం మొదలుపెట్టింది. శివకుమార్ ఆ తిట్లన్నీ పట్టుకుని, చివర దండం పెట్టాడు.

"పెద్దమ్మా, నువ్వు పుట్టుడే యాక్టరుగ పుట్టినవు."

"యాక్టరు లేదు గీక్టరు లేదు. నా బిందె ముందుకు పెట్టియ్యి ముందుగాల" అంది ఆమె.

అతనికి పాత సినిమాలంటే ప్రాణం. తెలుపు నలుపు కాలం నాటి నాయికా నాయకులు ఒకరి కొసవేలు ఒకరు ముట్టకుండానే చూసేవాళ్ళ గుండె ఎట్లా గుబగుబలాడించేవారో గంటలకొద్దీ చెప్పగలడు. ఆ సినిమాల తీరులోనే చిన్న చిన్న ముక్కలు రాసి, వయసు మళ్ళిన జోడితో తీయాలని అతని కోరిక. హీరోయిన్ దొరికింది. హీరోను రోడ్డుకు అవతలి ఊరి నుంచి తెచ్చాడు. పేరు బుచ్చయ్య. సన్నటి మనిషి, చెవులకు పోగులు, తెల్లటి మీసం. ఇంత సేద్యం ఉంది, కొడుకూ కోడలూ ఉన్నారు, భార్య లీలమ్మ పోయి అప్పటికి రెండేండ్లు. వయసులో ఉన్నప్పుడు భాగోతం మేళంలో ఆడవేషాలు కట్టేవాడట.

మొదటి ముక్క బావి దగ్గర. ఈదమ్మే దానికి బీజం వేసింది. చిన్నప్పుడు డేరా టాకీసులో చూసిన ఏదో సినిమాలో హీరో బావి దగ్గరికి దూప తీర్చుకోవడానికి వస్తాడు. హీరోయిన్ దోసిట్లో నీళ్ళు పోస్తుంది. అతను ఆమెను చూస్తూ తాగడం మరిచిపోతాడు, ఆమె అతన్ని చూస్తూ పోయడం ఆపడం మరిచిపోతుంది, నీళ్ళు మోచేతుల మీదుగా కారిపోతుంటాయి. సినిమా పేరు ఆమెకు గుర్తులేదు. ఆ కారిపోయే నీళ్ళు గుర్తున్నాయి. డేరాలో ఆడవాళ్ళంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టడం గుర్తుంది. "గదే చేద్దాం పెద్దమ్మా" అన్నాడు శివకుమార్.

ఆమెకు గాజులు తొడిగారు, నుదుట ఎర్రటి బొట్టుబిళ్ళ పెట్టారు. చెంబు పట్టుకుని నిలబడగానే ఆమె నోట మొదట వచ్చిన మాట, "అన్నా, జర వంగు."

అందరూ గొల్లుమన్నారు. శివకుమార్ తల పట్టుకున్నాడు. "అన్న అనకు పెద్దమ్మా, కొంప మునుగుతది."

"మరేమనాలె? నాకు ఏం వరుసైతడు?"

"హీరో అయితడు."

"గా వరుస మా ఊర్ల లేదు" అంది ఈదమ్మ.

నవ్వులు ఆగాయి గానీ చూపు కుదరలేదు. బుచ్చయ్య మొహంలోకి చూడమంటే ఆమె మెడ బిగుసుకుపోయేది, కళ్ళు కాళ్ళ మీదికి జారేవి. పొద్దు ఎక్కుతోంది. అప్పుడు బుచ్చయ్య మెల్లగా, కెమెరా వాళ్ళకు వినబడకుండా చెప్పాడు.

"నన్ను చూడకు ఈదమ్మా. నా భుజం మీద మిడత వాలిందనుకో. దాన్ని జూడు. ఎగిరిపోతదేమోనని భయంతోని జూడు. అది ఎగిరినంక నీ కండ్లకు నా మొకం దొర్కుతది. అప్పుడు గాబరపడి చూపు దించుకో. గంతే."

"నీకెట్ల ఎర్క ఇదంత?"

"ఆడవేషం కట్టెటోనికి ఆడోళ్ళ చూపులు దొంగతనం చేసుడే పని."

ఈదమ్మ మిడతను చూసింది. మిడత ఎగిరింది. చెంబులోని నీళ్ళన్నీ అయిపోయినా ఆమె చెంబు వంచే ఉంది. శివకుమార్ ఆపమనడం మరిచిపోయాడు.

ఆ వీడియోను ఎక్కడెక్కడి వాళ్ళో చూశారు. పాత సినిమా చూసినట్టుందని, కళ్ళతోనే కాపురం చేస్తున్నారని, ఈ జంటకు దిష్టి తీయాలని కింద రాశారు. శివకుమార్ అవన్నీ చదివి వినిపించేవాడు. తరువాత ఉయ్యాల ముక్క తీశారు, వానలో ఒకే గొడుగు ముక్క తీశారు, అలిగిన నాయిక స్తంభం చాటు నుంచి తొంగి చూసే ముక్క తీశారు. గొడుగు కింద ఇద్దరి భుజాల మధ్య జానెడు జాగా ఉండేది. ఆ జానెడు జాగాయే మన సినిమా అనేవాడు శివకుమార్.

కొత్తకోట బస్టాండులో కొంగు నుదుటి మీదికి కప్పుకుని నిలబడినా ఆడవాళ్ళు ఈదమ్మను గుర్తుపట్టి చేతులు పట్టుకునేవారు. "మీ ఆయన రాలేదా అమ్మా?" అని అడిగేవారు. మొదట్లో ఆమె, "ఆయన మా ఆయన గాదు, ఉత్త యాక్టింగు" అని చెప్పేది. అట్లా చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ళ మొహం చిన్నబోయేది, చిన్నపిల్ల చేతిలో మిఠాయి లాక్కున్నట్టు. ఒకరోజు ఎందుకో ఆమె నోట, "ఇంటికాడున్నడు, మోకాళ్ళ నొప్పులు" అని వచ్చేసింది. వాళ్ళు సంతోషంగా, మంచిగా చూసుకోమని చెప్పి పోయారు. ఆమె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, ఇంటి దగ్గర ఒక మనిషి మోకాళ్ళు పట్టుకుని తన కోసం ఎదురు చూస్తున్నట్టు ఊరు వచ్చేదాకా అనుకుంటూ పోయింది. తాళం తీస్తున్నప్పుడు సిగ్గేసింది.

చూసేవాళ్ళకు జంటే గానీ, కెమెరా ఆగితే వాళ్ళిద్దరి మధ్య మాటలు పిడికెడు కూడా ఉండేవి కావు. అతను మగవాళ్ళతో వేపచెట్టు కింద తినేవాడు, ఆమె గోడ నీడన తినేది. అన్న అనడం మానేసింది, ఇంకొకటి అనడం రాలేదు. పిలవాల్సి వస్తే "ఇగో" అనేది. అతను "ఆఁ" అనేవాడు.

ఒక్కసారి మాత్రం మాట్లాడుకున్నారు. అలంపూర్‌లో తుంగభద్ర ఒడ్డున పాట తీయడానికి వెళ్ళినప్పుడు మబ్బు పట్టింది. వెలుతురు వచ్చేదాకా ఆగుదామని శివకుమార్ వాళ్ళు చాయకు పోయారు. మెట్ల మీద ఇద్దరే మిగిలారు. నీళ్ళ వైపు చూస్తూ బుచ్చయ్య అడిగాడు.

"మీ ఆయన ఎట్లుండెటోడు?"

ఈదమ్మ చాలాసేపు వెతుక్కుంది. "వీపు యాదికుంది. అటు తిరిగి పండుకునెటోడు. మొకం గుర్తు తెచ్చుకుంటె మా మరిది మొకం వస్తది. ఒక్క ఫోటో లేదు."

బుచ్చయ్య తలూపాడు. తన సంగతి చెప్పాడు. "ఆటల్ల నేను ఎన్ని చూపులు చూసిన్నో! ఊరూరు తిరిగి చూసిన. జనం విజిల్ కొట్టెటోళ్ళు. ఇంటికొచ్చి లీలమ్మను ఒక్కనాడు గట్ల చూడలె. అన్నం పెడితె పళ్ళెం చూసిన. బీమారుల పడ్డప్పుడు మందులు చూసిన. చివరికి దవాఖానల అది నన్నే చూస్తుంటె, నేను సెలైన్ బుడ్డి దిక్కు చూసిన."

"ఆమెకు నీ మనసు తెల్వదా ఏంది?"

"తెల్సో తెల్వదో, నేనడగలె గద."

మబ్బు తొలగింది. శివకుమార్ పరుగున వచ్చాడు. ఆ రోజు పాటలో బుచ్చయ్య చూసిన చూపుకు, చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నామని రాశారు. అది ఎవరి కోసం చూసిన చూపో ఈదమ్మకు తెలుసు. ఆమెకు కోపం రాలేదు. ఇంకొకరికి చేరాల్సిన సద్దిమూట దారి తప్పి తన గడపకు వచ్చినట్టు అనిపించింది. ఆకలి మీద ఉంది, తీసుకుంది.

పల్లెల్లో మాటకు కాళ్ళెక్కువ. ఒకరోజు ఈదమ్మ బొట్టుబిళ్ళ తీయడం మరిచిపోయి అట్లాగే ఊర్లోకి నడిచి వచ్చింది. బీరమ్మ చేయి పట్టి లోపలికి లాగింది.

"ఏందే ఇది? ఊరంత చూస్తుండ్రు."

"మర్సిన అక్కా."

"మర్సినవో, ఉంచుకున్నవో" అంది బీరమ్మ. తిట్టినట్టు లేదు, బాధపడినట్టుంది.

అవతలి ఊర్లోనూ అంతే. బుచ్చయ్య కొడుకు నాగేందర్‌ను హోటలు దగ్గర, "కొత్త అమ్మ మంచిగున్నదా?" అని అడిగారట. అతను ఇంటికొచ్చి తండ్రితో గొడవపడ్డాడు. బుచ్చయ్య ఎదురు చెప్పలేదు, మానేస్తాననీ అనలేదు. షూటింగులు తగ్గాయి. నెలకొకటి అయ్యాయి, తరువాత అదీ లేదు.

పోయిన చలికాలం బుచ్చయ్యకు గుండెలో నొప్పి వచ్చిందనీ మహబూబ్‌నగర్ తీసుకుపోయారనీ శివకుమార్ ఫోన్ చేసి చెప్పాడు. "నేను చూసొద్దామని పోతున్న, వస్తవా పెద్దమ్మా?" అన్నాడు. ఈదమ్మ మంచి చీర కట్టుకుని గడప దాకా వచ్చి ఆగిపోయింది.

"నువ్వు పొయ్యిరా కొడుకా. నేనొస్తె, ఈమె ఎవరు, ఏమైతదని దవాఖానల నర్సమ్మ అడుగుతది. నాగేందర్ ఆడ్నే ఉంటడు. ఆయన పానం బాగలేనప్పుడు గా పిల్లగానికి తలకాయ దించుకునే పని ఎందుకు?"

చీర మార్చుకోకుండానే ఆ పూట వంట చేసుకుంది. ఉప్పు వేసిందో లేదో తెలియలేదు. తిన్నా తెలియలేదు.

రెండో రోజు పొద్దున బుచ్చయ్య పోయాడు.

ఈసారి ఆమె ఎవరినీ అడగలేదు. ఆటో ఎక్కి అవతలి ఊరికి పోయింది. ఇంటి ముందు డప్పులు మోగుతున్నాయి. శవం చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని శోకాలు పెడుతున్నారు. "ఓ నా అన్నా" అని చెల్లెలు ఏడుస్తోంది. "ఓ నా మామా" అని కోడలు స్వరూప ఏడుస్తోంది. "ఓ నా బావా" అని ఒకామె, "ఓ నా చిన్నాయినా" అని ఇంకొకామె. ఎవరి వరుస పట్టుకుని వాళ్ళు దుఃఖంలోకి దిగుతున్నారు. ఈదమ్మ ఆడవాళ్ళ చివర చతికిలబడింది. గొంతు నిండా ఏడుపు ఉంది. నోరు తెరిచింది. మొదటి మాట దొరకలేదు. ఏమని మొదలుపెట్టాలి? అన్నా అంటే అబద్ధం. ఇంకొకటి అంటే తప్పు. "ఇగో" అని శవాన్ని పిలవలేరు గదా! వరుస లేకుండా శోకం పెట్టడం ఆ సీమలో ఎవరికీ రాదు. తెరిచిన నోరు కొంగుతో మూసుకుని, శబ్దం లేకుండా ఊగుతూ కూర్చుంది.

శివకుమార్ పొద్దున్నే బుచ్చయ్య ఫోటో పెట్టి వార్త చెప్పాడు కాబట్టి వీడియోలు చూసే జనం కొందరు వనపర్తి నుంచి, పెబ్బేరు నుంచి బండ్ల మీద వచ్చారు. వాళ్ళకు నాగేందర్ తెలియదు, స్వరూప తెలియదు. గుంపులో ఈదమ్మను చూసి నేరుగా ఆమె దగ్గరికే వచ్చారు. నడివయసు ఆమె ఒకతె ముందు కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది. ఈదమ్మ బోడి నుదురు చూసి ఆమెకు దుఃఖం పొర్లుకొచ్చింది.

"అయ్యో తల్లీ, అప్పుడే బొట్టు గూడ తీసేసిండ్రా! ఎంత మంచిగుంటుండె మీ జోడి!"

ఆడవాళ్ళందరూ వెనక్కి తిరిగారు. నాగేందర్ పళ్ళు బిగించి నిలబడ్డాడు. ఈదమ్మ చేతులు విడిపించుకుంది.

"నేను ఆయన భార్యను గాను బిడ్డా. ఆయన భార్య లీలమ్మ. ఎన్నడో పోయింది. నా బొట్టు ముప్పై ఏండ్ల కిందట్నే పోయింది. అగో, కొడుకు ఆడ నిలబడ్డడు. ఆయనకు చెప్పుండ్రి మీ మాటలు."

అని లేచి, బుచ్చయ్య వైపు తిరిగి చూడకుండా నడిచి వచ్చేసింది. అంత దూరమూ కాలినడకనే వచ్చింది. ఆమె ఏడుపు తుమ్మచెట్ల మధ్య, ఎవరూ లేని చోట, మాట లేకుండానే వచ్చింది.

దశదినానికి రెండు రోజుల ముందు స్వరూప వచ్చింది. ఈదమ్మ చాప వేసింది. స్వరూప కూర్చోకుండా గోడకానుకుని, చాలాసేపు గది చూసింది. పిలుపు చెప్పింది. ఆ తరువాత, వచ్చిన అసలు పని అదే అన్నట్టు అడిగింది.

"ఒక్క మాట అడుగుత, అబద్ధం చెప్పకు. మా మామ ఆ వీడియోల నవ్వినట్టు మా ఇంట్ల ఎన్నడూ నవ్వలె. మీ ఇద్దరి నడుమ నిజంగ ఏమన్న ఉండెనా?"

ఈదమ్మ చాయకు పొయ్యి ముట్టించింది. తనకు తానే ఆ ప్రశ్న ఎన్నిసార్లో వేసుకుంది.

"కెమెరా బందయినంక ఏం లేకుండె బిడ్డా. ఆయన మీ అత్తను చూసుకునెటోడు, నా మొకంల. నేను, నన్నొక మనిషి చూస్తున్నడని చూసుకునేదాన్ని. గంతే ఉండె. గది ఉన్నట్టో లేనట్టో నాకు తెల్వది."

స్వరూప అప్పుడు కూర్చుంది. ఈదమ్మ ఇచ్చిన చాయ తాగింది. మామ చివరి రోజు దవాఖానలో కళ్ళు తెరిచి కొడుకును చూశాడనీ, చూపు తిప్పుకోకుండా చాలాసేపు అట్లాగే చూశాడనీ చెప్పింది. పోతూ పోతూ, "దినానికి రా, అత్తా" అంది. ఏ అత్త వరుసో ఇద్దరూ తేల్చుకోలేదు.

దినానికి ఈదమ్మ వెళ్ళింది. చివరి వరసలో కూర్చుని తిన్నది. నాగేందర్ వచ్చి ఆమె విస్తరిలో ఇంకొంచెం వడ్డించాడు.

ఎండాకాలం మొదట్లో శివకుమార్ ఇంకొకాయనను తెచ్చాడు. పింఛను తీసుకుంటున్న పంతులు, మంచి మనిషి, మంచి గొంతు. చింతతోపులో కెమెరా పెట్టారు. ఈదమ్మ బొట్టు పెట్టుకుంది, గాజులు తొడుక్కుంది, చెప్పినట్టే నిలబడింది. చూడమన్న చోట చూసింది, దించమన్నప్పుడు చూపు దించింది. అంతా సరిగ్గానే వచ్చింది. శివకుమార్ కెమెరాలోకి ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి, మెల్లగా మూత పెట్టేశాడు.

"వద్దు పెద్దమ్మా. ఇంటికాడ దింపుత, పద."

"నేను తప్పు చేసిన్నా?"

"లే. తప్పేం లేదు. ఆయన లేడు, గంతే."

తరువాత అతను వేరే జోడిని చూసుకున్నాడు. ఈదమ్మ తిరిగి పత్తి చేలకు పోతోంది. కూలి ఆడవాళ్ళు అప్పుడప్పుడు ఫోనులో పాత వీడియోలు పెట్టి ఆమె ముందుకు చాపుతారు. ఆమె ఒకసారి చూసి మొహం తిప్పుకుంటుంది. "చూడరాదా, నువ్వే గదా" అంటే, "ఆడ ఆయన చూస్తనే ఉంటడు. ఈడ నేను మాట్లాడితె ఇనడు" అని మళ్ళీ సాలులోకి వంగుతుంది.

సాయంత్రం ఇంటికొచ్చి నల్లా విప్పి కాళ్ళు కడుక్కుంటుంది. కొన్ని రోజులు బీరమ్మ వచ్చి అరుగు మీద కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుతుంది. బీరమ్మ బిడ్డ ఇంటికి పోయిన రోజుల్లో అదీ ఉండదు. అప్పుడు ఈదమ్మ పొయ్యి ముట్టించి, ఒక్క గిద్దెడు బియ్యం కడుగుతూ, గదిలో ఎవరో ఉన్నట్టు పైకే అంటుంది: "ఇగో, ఇయ్యాల ఎండ బాగ కొట్టింది."